కాగితముపై గుఱి నిలిపిన రివాల్వరు

రివాల్వరు అను మాట వినగనే పోలీసు అధికారి నడుమున వ్రేలాడు తోలు ఒఱయో, చలనచిత్రములలో గుఱ్ఱమెక్కి వచ్చు దోపిడిగాడో మనకు తలపునకు వచ్చుట సహజము. మనుష్యుని ఎదుట మనుష్యుడు నిలిచిన వేళ పనికి వచ్చుటకే ఆ ఆయుధము పుట్టినది. ఆ సంగతి దాచి ప్రయోజనము లేదు. కాని ఆ వంశముననే ఒక శాఖ వేఱొక దారి పట్టినది. దాని ఎదుట నిలుచునది మనుష్యుడు కాదు, మృగము కాదు. 25 గజముల దూరముననో, 50 గజముల దూరముననో చట్రమునకు తగిలించిన ఒక కాగితము. కాగితము నడుమ నల్లని వృత్తము. గుండు ఆ వృత్తమున పడినచో ఆనందము. పడకున్నచో మరునాడు మరల ప్రయత్నము. ఇట్టి పనికై ప్రత్యేకముగా చేసిన దానిని టార్గెట్ రివాల్వరు అందురు. నేడు అమెరికాలో అర్ధశతాబ్దము గడచిన టార్గెట్ రివాల్వరులను వెదకి వెదకి కొనువారు కలరు. వారు కొనునది ఏమి, దేనిని చూచి కొందురు, ఆ వస్తువులో అంతగా ఆదరింపదగినది ఏమున్నది అను విషయమును శ్రోతలకు విన్నవింపదలచితిమి.

మా అభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. పాత టార్గెట్ రివాల్వరు ఒక శాసనము వంటిది. మన పల్లెలలోని పాత దేవాలయములలో ఉత్సవమునకు ముందు గోడలకు సున్నము కొట్టుట కలదు. గోడ తెల్లనగును, కాని ఆ గోడపై చెక్కిన రాజు పేరు, దానమిచ్చిన పొలము ఎల్లలు, సంవత్సరము, తిథి అన్నియు సున్నము క్రింద మాయమగును. పాత ఆయుధమునకు క్రొత్త మెఱుగు పెట్టించువారు చేయునదియు ఇదియే. దానిని చదువనేర్చినవాడు కొనునది ఒకటి. మెఱుగును చూచి కొనువాడు ఇంటికి తెచ్చుకొనునది మఱొకటి.

రివాల్వరు చరిత్రలో శామ్యూల్ కోల్ట్ పేరు మొదట చెప్పుదురు. ఆయన 1836 లో అమెరికాలో పేటెంటు పొందెను. తిరుగు సిలిండరులో అయిదారు గదులు. హేమరును బొటనవ్రేలితో వెనుకకు లాగినపుడెల్ల ఒక్కొక్క గది గొట్టమునకు ఎదురుగా వచ్చి నిలుచును. అయితే ఆ రోజులలో మందును, గుండును సిలిండరు ముందువైపునుండి వేఱువేఱుగా దట్టింపవలసి యుండెను. మసాచుసెట్సు రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున హోరెస్ స్మిత్, డేనియల్ వెస్సన్ అనువారు 1857 లో లోహపు తూటాను వెనుకనుండి పెట్టు రివాల్వరును అమ్మకమునకు తెచ్చిరి. అది 22 క్యాలిబరు చిన్న ఆయుధము. సిలిండరును ఈ కొననుండి ఆ కొన వఱకు తొలుచు పద్ధతిపై రోలిన్ వైట్ అనునతడు 1855 లోనే పేటెంటు పొంది యుండుటచే, అమ్మిన ఒక్కొక్క రివాల్వరుపై 25 సెంట్ల చొప్పున అతనికి చెల్లించుచు వచ్చిరి. 1869 లో ఆ గడువు తీరువఱకు అమెరికాలో తక్కిన వారికి ఆ త్రోవ మూసియే యుండెను. 1870 లో వారు పెద్ద రివాల్వరును చేసిరి. రష్యా ప్రభుత్వము తన సైన్యమునకై అట్టివి లక్షకు మించి కొనెను. ఆ వరుసలోనే 1878 లో మెఱుగైన నమూనా వచ్చెను. 1887 లో దానికి గుఱి పోటీలకై ప్రత్యేకమైన రూపమును కల్పించిరి.

అప్పటికే రివాల్వరుతో గుఱి కొట్టుట సీమలో పెద్దమనుష్యుల వినోదమై యుండెను. ఇంగ్లండులో జాతీయ రైఫిలు సంఘపు పోటీలు మొదట వింబుల్డన్ మైదానమున జరిగెడివి. 1890 నుండి అవి బిస్లీ అను చోటికి మాఱెను. అచట పేరు మ్రోగినవాడు వాల్టర్ వినాన్స్ అను అమెరికను ధనికుడు. రష్యాలో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడిన ఈయన చేతిలో తఱుచుగా కనబడినది స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వరే. 1901 లో రివాల్వరు ప్రయోగ కళను గుఱించి ఒక గ్రంథమును కూడ ప్రకటించెను. ఈయన 1908 ఒలింపిక్సులో పరుగెత్తు లేడిబొమ్మను కొట్టు పోటీలో స్వర్ణపతకమును, 1912 ఒలింపిక్సులో శిల్పకళకు స్వర్ణపతకమును పొందెను. ఒకే చేయి గుఱిని, శిల్పమును సాధించుట విడ్డూరముగా తోచవచ్చును. మాకు మాత్రము అది తగినదిగనే తోచుచున్నది. రెంటికిని కావలసినది కదలని చేయి, తొందరపడని కన్ను.

1899 లో స్మిత్ అండ్ వెస్సన్ వారు సిలిండరు ప్రక్కకు తెఱచుకొను రివాల్వరును 'మిలిటరీ అండ్ పోలీసు' అను పేర తెచ్చిరి. దాని చట్రమునకు తరువాత 'కె' అను అక్షరము నిలిచినది. అరచేతికి సరిగా ఇముడు ఈ చట్రమే తరువాతి కథకంతకు ఆధారము. 1904 లో కోల్ట్ కంపెనీవారు 'ఆఫీసర్స్ మోడల్' అను టార్గెట్ రివాల్వరుతో పోటీకి దిగిరి. ఇవి పెద్ద తూటాలవి. 22 క్యాలిబరు తూటాకు పెద్దలకు తగిన మంచి రివాల్వరు కావలెనని శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు ఫిల్ బెకార్ట్ స్ప్రింగ్‌ఫీల్డు వారిని పట్టుబట్టెను. అట్టి వస్తువు అమ్ముడుపోవునా అని కంపెనీవారు సందేహించుచుండగా, తానే వేయి కొందునని చెప్పి 1911 లో దానిని చేయించినాడు. కార్ఖానా యజమానికి తోచని సంగతి అంగడి గుమ్మమున కూర్చున్నవానికి తోచుట వ్యాపారములో క్రొత్త గాదు.

1929 లో ఆర్థికమాంద్యము వచ్చినది. పెద్ద తూటాలు కాల్చి సాధన చేయుట చాలమందికి తలకు మించిన భారమాయెను. 22 లాంగ్ రైఫిల్ అను చిన్న తూటా 1887 నుండి ఉన్నదే. చవుక, చప్పుడు తక్కువ, చేతికి అదురు దాదాపు లేదు. అంతట 1930 లో కోల్ట్ వారు ఆఫీసర్స్ మోడలును ఈ తూటాకు చేసిరి. వెనువెంటనే స్ప్రింగ్‌ఫీల్డు వారు తమ కె చట్రముపై 6 అంగుళముల గొట్టముతో కె-22 అను రివాల్వరును వెలువరించి, దానికి 'ఔట్‌డోర్స్‌మన్' అని పేరు పెట్టిరి. పేరున వనవిహారము ధ్వనించినను అది నడిచినది గుఱిశాలలలోనే. వేగము హెచ్చిన తూటాలు బయలుదేఱగా, తూటా అంచు పగిలినను చేతికి హాని కలుగకుండ సిలిండరు గదుల వెనుక అంచులను లోతుగా తొలిచి తూటా తల అందులో మునుగునట్లు చేసిరి. 

1940 లో కె-22 కు రెండవ అవతారము కలిగినది. హేమరు వెనుకకు పోవలసిన దూరమును తగ్గించిరి. వెనుక సైటుకు చిన్న మరలను అమర్చి, ఒక్కొక్క మెట్టు తిరిగినపుడు 'టిక్కు'మని వ్రేలికి తెలియునట్లు చేసిరి. దీనికి 'మాస్టర్‌పీస్' అని పేరిడిరి. ఇవి తయారైనవి 1,067 మాత్రమే. ఎందుకనగా ఐరోపాలో యుద్ధము అప్పటికే మొదలైనది.

ఆ సంగతి కొంత వివరింపదగినది. ఆంగ్ల ప్రభుత్వము ఒక తేలిక రైఫిలును చేసిపెట్టుటకై స్మిత్ అండ్ వెస్సన్ వారికి 10 లక్షల డాలర్లు ముందుగా ఇచ్చెను. రైఫిలు పరీక్షలో నిలువలేదు. డబ్బు ఖర్చయిపోయినది, తిరిగి చెల్లించుటకు కంపెనీ చేతిలో లేదు. దివాలా తీయవలసిన ఆ స్థితిలో, బాకీకి బదులుగా రివాల్వరులు పంపుడని ఆంగ్లేయులు ఒప్పుకొనిరి. ఆ పంపినది ఏ రివాల్వరు? అదే కె చట్రము. నిన్నటి వఱకు కాగితముపై గుఱి నిలిపిన ఆ దేహమే నునుపు లేని, మెఱుగు లేని యుద్ధపు దుస్తులు తొడిగికొని లక్షలకొలదిగా ఓడలెక్కినది. తరువాత అమెరికా నౌకాదళమునకు కూడ అట్టివే వెళ్ళెను. ఒక్క చట్రము, రెండు జన్మలు. టార్గెట్ రివాల్వరు తన వంశమునుండి పూర్తిగా విడిపోయినదని మురిసిపోవువారికి ఈ ఘట్టము గుర్తుండుట మంచిది.

యుద్ధకాలమున జరిగిన ఒక దుర్ఘటన శాంతికాలపు రివాల్వరుపై కూడ తన ముద్రను విడిచినది. 1944 లో ఒక నావలో రివాల్వరు చేతినుండి జాఱి ఇనుప నేలపై హేమరు తగులునట్లు పడి, దానంతట అదియే పేలి, ఒక నావికుని ప్రాణము తీసినది. కంపెనీ యంత్రశిల్పులు వెంటనే హేమరునకు, చట్రమునకు నడుమ అడ్డముగా జాఱు ఒక సన్నని ఉక్కు ఱేకును కల్పించిరి. ట్రిగ్గరును పూర్తిగా నొక్కిననే గాని ఆ ఱేకు తొలగదు. యుద్ధము తరువాత చేసిన ప్రతి మాస్టర్‌పీస్ లోపల ఆ ఱేకు ఉన్నది. విప్పి చూచినవారికే అది కనబడును.

1946 చివర కె-22 మాస్టర్‌పీస్ మరల వచ్చినది. మరుసటి యేడు 32, 38 క్యాలిబరులకు దాని తోబుట్టువులు రెండు చేరినవి. ఇచట ఒక చమత్కారము కలదు. గొట్టపు రంధ్రము పెద్దదైన కొలది లోహము తగ్గి బరువు తగ్గును గదా. పోటీలో మూడింటిని మార్చి మార్చి వాడువానికి చేతిలో బరువు మాఱరాదు. అందుచే గొట్టముపై నిలువుగా నడచు గట్టును ఒక్కొక్క క్యాలిబరుకు ఒక్కొక్క వెడల్పున కోసి, తూటాలు నింపిన తరువాత మూడును 38.5 ఔన్సులు, అనగా సుమారు కిలో 90 గ్రాములు, తూగునట్లు చేసిరి. మూడు రివాల్వరులను మార్చుచున్నను చేయి ఒక్కదానినే పట్టుకొన్నట్లు భావించును. చూపునకు అందని ఇట్టి శ్రద్ధయే ఆ పేరును సార్థకము చేసినదని మా తలంపు. 1957 లో కంపెనీ తన సరుకులన్నింటికి సంఖ్యలు పెట్టుటతో కె-22 '17వ మోడల్', కె-38 '14వ మోడల్', కె-32 '16వ మోడల్' అయినవి. పాత పేరు మాత్రము అభిమానుల నోట చెరగలేదు.

దానిని ప్రయోగించు తీరు తెలియనిదే దాని సొగసు తెలియదు. పోటీదారు ప్రక్కకు తిరిగి నిలిచి, ఒక్క చేతిని మాత్రమే చాచును. రెండవ చేయి జేబులోనో, నడుముననో ఉండును. హేమరును బొటనవ్రేలితో వెనుకకు లాగి నిలుపును. ఇక ట్రిగ్గరుపై మూడు నాలుగు పౌనుల ఒత్తిడి చాలును. గాజుపుల్ల విఱిగినట్లు అది తటాలున విడిపోవును. ముందుగా కదలిక లేదు, తరువాత జాఱుట లేదు. ద్రోణాచార్యుడు శిష్యులను నిలువబెట్టి ఏమి కనబడుచున్నదని అడిగిన కథ మనకందఱకు తెలిసినదే. అర్జునుడు పక్షి తలను మాత్రమే చూచెను. రివాల్వరు గురువుల ఎదుట అర్జునుడు ఆ జవాబు చెప్పినచో తప్పిపోవును. మనుష్యుని కన్ను వెనుక సైటును, ముందు సైటును, దూరపు కాగితమును ఒక్కసారి స్పష్టముగా చూడలేదు. మూటిలో ఒకదానినే ఎన్నుకొనవలెను. ఎన్నుకొనవలసినది ముందు సైటు. నల్లని వృత్తము మసకగా తేలుచుండగా, ఉక్కు అంచు మాత్రము కత్తివాదర వలె స్పష్టముగా నిలువవలెను. లక్ష్యమును మఱచి సాధనమును చూచువాడే లక్ష్యమును కొట్టునన్నమాట.

ఇంత చేసినను మాస్టర్‌పీస్ పోటీరంగమున చిరకాలము రాణింపలేదు. అమెరికను పోటీలో మూడు భాగములు: తొందరలేని వంతు, 20 సెకండ్లలో 5 గుండ్లు కొట్టు వంతు, 10 సెకండ్లలో 5 గుండ్లు కొట్టు వంతు. ఈ చివరిదానిలో ప్రతి గుండుకు నడుమ రివాల్వరువాడు బొటనవ్రేలిని ఎత్తి హేమరును లాగి, పట్టును మరల కుదుర్చుకొని, సైటును వెదకవలెను. పొట్టి యాక్షనును కల్పించినది ఈ బాధను తగ్గించుటకే. తనంతట తానే తూటాను నింపుకొను పిస్తోలు పట్టినవానికి ఈ బాధయే లేదు. కోల్ట్ వారి 'వుడ్స్‌మన్' 1915 నుండి ఉన్నది. తరువాత 'హై స్టాండర్డ్' మొదలగునవి వచ్చెను. యుద్ధము తరువాత కొలది యేండ్లలో గుఱిశాలలలో పిస్తోలుది పైచేయి అయినది. నేటి ఒలింపిక్సులోని 25 మీటర్ల పోటీలలో కనబడునవి అట్టి పిస్తోలులే. 2024 లో పారిస్‌లో మన హైదరాబాదు యువతి ఈషా సింగ్ పాల్గొన్న పోటీ కూడ అట్టిదే. రివాల్వరు నెమ్మదిగా బీరువాలలోనికి జరిగెను. ఓడిన తరువాతనే దానిని ప్రేమించువారు ఎక్కువైరి. ఇది విచిత్రము కాదు. గెలుపుకై కొనువాడు పోయిన తరువాత మిగులువాడు వస్తువుకై కొనువాడు.

ఇక కొనుట. సంతలో ఎద్దును కొను రైతు ముందు పళ్ళు చూచును, పిదప నడిపించి చూచును, సుడులు చూచును, అమ్మువాని మాటలను మాత్రము చివర వినును. ఇచటను అదే మర్యాద. చేతికి ఇచ్చిన వెంటనే చేయవలసినది సిలిండరును తెఱచి ఆఱు గదులును ఖాళీగా నున్నవని కంటితో చూచుట. ఇచ్చినవాడు ఎంత పెద్దమనుష్యుడైనను ఈ పని మానరాదు. పెద్దమనుష్యుడు దానికి కోపగింపడు.

పిదప సంఖ్యలను చదువవలెను. పిడి అడుగున చెక్కిన వరుస సంఖ్యయే సిలిండరు వెనుక ముఖమునను, గొట్టము అడుగు చదునునను కనబడవలెను. కనబడినచో ఆ భాగములు కార్ఖానాలో ఒకచోట పుట్టినవే. సిలిండరును మోయు చేతిని ప్రక్కకు తీసినపుడు చట్రములో మఱొక సంఖ్య కనబడును. అనుభవము లేనివారు దానిని వరుస సంఖ్య అని భ్రమించి, రెండును కలియలేదని బెంగపడుదురు. అది పనివారు ఒక రివాల్వరు భాగములు మఱొక దానితో కలిసిపోకుండ వేసికొనిన గుర్తు మాత్రమే. తరువాత మరలను లెక్కింపవలెను. ప్రక్క మూతకు నాలుగు, ట్రిగ్గరు చుట్టు ముందు ఒకటి, వెరసి అయిదు మరలున్నచో అది 1955 ప్రాంతమునకు పూర్వపుది. ఆ యేట పైమర పోయినది. 1961 లో ముందు మర పోయినది. 'అయిదు మరలది' అను మాటకు సంగ్రహకర్తలలో మన పెండ్లిండ్లలో కుటుంబపు పేరునకుండునంత గౌరవము కలదు. మరలు తగ్గినంత మాత్రమున గుఱి చెడలేదని మేము విన్నవించిన వారు నవ్వి ఊరకుందురు.

అన్నిటికంటె కష్టమైనది మెఱుగును చదువుట. స్ప్రింగ్‌ఫీల్డు పనివారు ఉక్కును చదునుగా, అంచులు కఱకుగా నుండునట్లు సానపట్టి, నీలినలుపు పూత పట్టించెడివారు. హేమరు, ట్రిగ్గరు మాత్రము వేఱొక విధముగా కాల్చి గట్టిపఱచుటచే నీలము, గోధుమ, బూడిద రంగులు కలిసి మేఘము వలె నుండును. ఎవడో తరువాతి కాలమున మరల సానపట్టి పూత వేయించినచో ఏమగును? అంచులు గుండ్రనగును, మర రంధ్రముల చుట్టు చట్రము పల్లమగును, కంపెనీ పేరు అక్షరములు అరిగి లోతు తగ్గును, ప్రక్కమూత అతుకు గీత బయటపడును. ఆ అతుకు అసలు స్థితిలో ఎట్లుండునో తెలియునా? గోరుతో తడిమినను దొరకదు. ఒక మూతను ఒక చట్రమునకే అమర్చి, రెంటిని కలిపియే సానపట్టుటచే అట్లు కలిసిపోవును. తెలియనివాడు మూతను తీయుటకు అతుకులో మరతిప్పుడు కొనను దూర్చి పెకలించును. తెలిసినవాడు మరలు తీసి, పిడి చట్రముపై కఱ్ఱతో మెల్లగా తట్టును. మూత తనంతట తానే లేచును. అతుకు అంచున చిన్న గంటు కనబడినచో ఆ రివాల్వరు ఎట్టి చేతులలో పడినదో చెప్పనక్కఱలేదు.

మహానవమినాడు ఆయుధములను తోమి, కుంకుమ పెట్టి పూజించు మనకు ఈ నియమము వింతగా తోచవచ్చును. తోమిన రాగి చెంబు అందము మనకు చిన్ననాటినుండి అలవాటు. కాని ఒఱలో పెట్టి తీసి, పెట్టి తీసి గొట్టపు కొనన పూత పలుచనైన చోటు వేఱు. అది ఒకని జీవితకాలపు సాధనకు గుర్తు. దానిని కప్పివేసి క్రొత్తదని అమ్ముట వేఱు. కార్ఖానాకే తిరిగిపంపి పూత వేయించినచో, అచటివారు వరుస సంఖ్య వద్ద చిన్న నక్షత్రపు ముద్ర వేయుట ఆచారము. అది నిజాయితీగల పని. వేయించితినని తన ఒంటిపైననే చెప్పుకొనుచున్నది గదా.

చివరకు యంత్రమును నడిపించి చూడవలెను. హేమరును అతి మెల్లగా లాగుచు, సిలిండరును వ్రేలితో కొంచెము ఆపిపట్టినపుడు, హేమరు నిలుచుటకు ముందుగనే సిలిండరు తన గంటులో పడి బిగియవలెను. ఆఱు గదులకు ఆఱుసార్లు ఇట్లు చూడవలెను. ఒక్కటి ఆలస్యమైనను లోపలి కొక్కెము అరిగినదన్నమాట. లాగి నిలిపిన హేమరును బొటనవ్రేలితో ముందునకు నెట్టినను అది జాఱరాదు. సిలిండరు ముందు వెనుకలకు కదలరాదు. గొట్టములో దీపము వెలుగు పఱచి చూచినపుడు లోపల ఎక్కడనైన నల్లని ఉంగరము వంటి నీడ తోచినచో విడిచిపెట్టి లేచిపోవుట మంచిది. ఒక గుండు లోపల ఇఱుకుకొని యుండగా వెనుకనుండి మఱొకటి వచ్చి గొట్టమును ఉబ్బించినదని దాని అర్థము. రివాల్వరు గొట్టమును ముందు కొననుండియే శుభ్రము చేయవలసి యుండుటచే, అజాగ్రత్తగా కడ్డీ దూర్చినవారు ఆ కొననే అరగదీయుదురు. గుండు చివరిసారి ఉక్కును తాకి విడుచు చోటు అదియే గనుక గుఱి అక్కడనే చెడును. కె-22 లో మఱొక్క సంగతి. దాని తూటాకు మందు అంచులో నుండుటచే కొట్టు మొన అంచునే తాకును. తూటా లేకుండ పలుమాఱు మీటినచో ఆ మొన గది అంచును కొట్టి గంటు పెట్టును. తూటా సులభముగా లోనికి పోదు. పిడి ముందువైపు అడుగున ఒక మర కలదు. అది లోపలి పెద్ద స్ప్రింగును బిగించి ఉంచును. ట్రిగ్గరు తేలికగా నున్నదని చూపుటకై కొందఱు దానిని వదులు చేయుదురు. మెత్తని ట్రిగ్గరు చూచి మురిసి కొనినవాడు మరునాడు గుఱిశాలలో పదిసార్లు మీటిన మూడుసార్లు పేలక నివ్వెఱపోవును. మరను బిగించినచో రోగము పోవును. అమ్మినవానిపై నమ్మకము మాత్రము తిరిగిరాదు.

ఇవన్నియు అమెరికను సంగ్రహకర్తల మాటలు. అచటను దీనికి చట్టములు లేకపోలేదు. 1968 నాటి శాసనముననుసరించి 1898 వఱకు చేసినవి పురాతన వస్తువులుగా ఎంచబడును, 50 యేండ్లు దాటినవానికి వేఱొక తరగతి కలదు. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేనిదే ఇట్టి ఆయుధమును తాకరాదు. 2019 సవరణ తరువాత సాధారణముగా ఒక వ్యక్తికి రెండు ఆయుధములకు మించి అనుమతి లేదు. తాతగారి పెట్టెలో తుప్పుపట్టినది దొరికినను ముందు పోవలసినది పోలీసు ఠాణాకు, బజారునకు కాదు.

కొన్న తరువాతను చదువవలసినది కొంత మిగిలియుండును. స్మిత్ అండ్ వెస్సన్ పాత చిట్టాలను ఆధారము చేసికొని, వరుస సంఖ్యను పంపినవారికి ఆ రివాల్వరు కార్ఖానానుండి ఏనాడు, ఏ వర్తకునకు వెళ్ళినదో తెలుపు ఉత్తరమును రుసుము పుచ్చుకొని ఇచ్చు ఏర్పాటు కలదు. కొందఱు ఆ ఉత్తరమును చట్రము కట్టించి గోడకు తగిలింతురు. కాని అంతకంటె దగ్గఱగా ఒక ఉత్తరము ఉన్నది. పిడికి ఇరుప్రక్కల నుండు వాల్నట్ చెక్కలను ఒక మర తీసి విడదీయవచ్చును. కుడివైపు చెక్కను తిరుగవేసి వెలుగునకు పట్టినచో, మసకబాఱిన కఱ్ఱపై, ఆ రివాల్వరు వరుస సంఖ్య కనబడును. కొన్నింటిలో అది ముద్ర వేసినది. మఱికొన్నింటిలో ఆనాటి పనివాడు పెన్సిలుతో చేతివ్రాతన వ్రాసినది.